వంట నయోమి పెట్టిన చిన్న ముద్ద

మా కొండ మీద నేను కట్టని సమాధులు తక్కువ. సారెపతు అనాథాశ్రమం బడిలో మొదటి మూడు గదులూ నేను కట్టినవే. ఆ బడి పిల్లల అమ్మానాన్నల సమాధులు కూడా చాలామటుకు నా చేతి సిమెంటే. ఆ రోజుల్లో రెండు పనులూ కలిసే వచ్చేవి, ఒక వారం గోడ, ఒక వారం సమాధి. మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఒకరి వెనక ఒకరిని తీసుకుపోయే ఆ జబ్బు మా జనాన్ని అలా పట్టుకుంది, మందులేమో ఇంకా మా కొండ ఎక్కలేదు.

నన్ను జుంబా మేస్త్రీ అంటారు. ఈ కథ మాత్రం నాది కాదు, ఆశ్రమంలో పన్నెండేళ్ళు పొయ్యి ఊదిన నయోమిది. ఆవిడ చెప్పుకోలేకపోయింది కాబట్టి నేను చెబుతున్నాను. చెప్పడానికి నాకూ సిగ్గుగానే ఉంది, ఇందులో నా చెయ్యి కూడా ఉంది మరి.

మనిషి పొట్టి. గొంతు బొంగురు, ఆరాధనలో అందరూ పాడుతుంటే ఆవిడ పెదవులు మాత్రమే ఆడించేది. అరవైమంది పిల్లలకి రోజూ రెండు పూటలా మొక్కజొన్న సంగటి కెలకాలి. తెడ్డు ఆవిడకంటే పొడుగు. పీట ఎక్కి నిలబడి కెలికేది. నోరు మాత్రం మా ఊరి సంతకి సరిపడా ఉండేది.

"ఏం మేస్త్రీ, గోడ నిలబెడుతున్నావా, పడుకోబెడుతున్నావా?"

"నీ సంగటి తిన్నాక ఏ గోడకైనా నిద్రొస్తుంది వదినా."

"తినకు మరి. మీ ఆవిడ వండి పెట్టిందా ఎప్పుడైనా? అందుకే ఇక్కడికొచ్చి పళ్ళెం నాకుతున్నావు."

ఇలా ఉండేది మా మాటల వరస. ఎక్కణ్ణించి వచ్చిందో, ఎవరి మనిషో ఎవరూ అడగలేదు. ఆ కాలంలో ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని ఏమైందని అడిగేవాళ్ళు కాదు. ఏమయ్యుంటుందో అందరికీ తెలుసు.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చేది కాదు. ఇమాలి అని ఒక పిల్ల ఉండేది. నాలుగేళ్ళప్పుడు వాళ్ళ అమ్మమ్మ తెచ్చి అప్పజెప్పింది, ఆ ముసలిది కూడా ఏడాది తిరక్కుండా పోయింది. చురుకైన పిల్ల, క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. వరసలో పళ్ళెం పట్టుకుని ఆ పిల్ల వచ్చేసరికి నయోమి చెయ్యి ముడుచుకుపోయేది. అందరికీ పిడికిలంత ముద్ద పెడితే ఇమాలికి అందులో సగం. పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు, "ఇమాలీ, నీ ముద్ద దారిలో ఎలక కొరికిందే" అని. ఒకరోజు నేను సున్నం కలుపుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, వంటమ్మకి నేనంటే ఎందుకు పడదు?"

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "ఆ పిల్ల నీకేం చేసింది? తల్లీతండ్రీ లేనిదాని కడుపు కొట్టి ఏం బాగుపడతావు?"

"దాని కడుపు చిన్నది" అంది పొయ్యివైపు తిరిగి. అంతే. ఆ రోజునుంచి ఆరేడు నెలలు నేను ఆవిణ్ణి వదినా అని పిలవలేదు.

ప్రతి పిల్లకీ విదేశంలో ఒక దాత ఉండేవాళ్ళు. ఇమాలి దాత పేరు డోరతీ, పెద్దావిడ. క్రిస్మస్‌కి ముందు పిల్లలంతా దాతలకి ఉత్తరాలు రాసేవాళ్ళు. ఏం రాయాలో టీచరు బోర్డు మీద రాసి పెట్టేది, "మా అమ్మ ఎలా ఉండేదంటే" అని ఖాళీ వదిలి. ఇమాలికి అమ్మ గుర్తు లేదు. మొదటి ఏడాది పక్కపిల్లది చూసి రాసింది, మా అమ్మ పొడుగ్గా ఉండేది, పాటలు బాగా పాడేది అని. మరుసటేడు కూడా అదే రాసింది. నాలుగైదేళ్ళు రాశాక ఆ పొడుగాటి పాటల మనిషే నిజంగా దాని తల్లి అయి కూర్చుంది. రాసిన ఉత్తరం వంటింటి గడపలో నిలబడి గట్టిగా చదివి వినిపించేది.

"పాటలు కూడా పాడేదా?" అనేది నయోమి ఆకుకూర తరుగుతూ.

"మరేమనుకున్నావు? నీలాగా కాదు."

"పాడే ఉంటుందిలే" అనేది నయోమి.

ఇమాలి ఎనిమిదో క్లాసుకి వచ్చిన ఏడు, డోరతీ దొరసానమ్మ స్వయంగా వస్తున్నానని ఉత్తరం రాసింది. పిల్ల పాసైతే హైస్కూలు నాలుగేళ్ళూ తనే చదివిస్తానంది. ఒక్క కోరిక కోరింది, పిల్లతో కలిసి ఆ తల్లి సమాధి దగ్గర ప్రార్థన చెయ్యాలని.

ఆశ్రమం నడిపే పాస్టరు లుగాలియా అయ్యగారు నన్ను పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. అరవైమందికి తిండి సంపాదించి సంపాదించి, ఎవరేం అడిగినా సరేనండి అనడం అలవాటైపోయిన మనిషి.

"మేస్త్రీ, ఆ తల్లిని నది అవతల పాతిపెట్టారట. తండ్రి తరఫువాళ్ళు రౌడీమూక, దొరసానమ్మని తీసుకెళ్ళలేం. మన తోటలోనే ఒక సమాధి కట్టు. పేరు రాయి, సంవత్సరం రాయి. జ్ఞాపకార్థం అనుకో."

"మనిషి లేకుండానా అయ్యగారూ?"

"ఏసయ్య సమాధిలో మాత్రం మనిషున్నాడా?"

ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఊరుకున్నాను. కానీ నా పని నాకు తెలుసు. మా దగ్గర శవం దొరకనివాళ్ళు ఉంటారు. సరస్సులో మునిగినవాళ్ళు, పట్నం పోయి మాయమైనవాళ్ళు. వాళ్ళకి అరటిబోదె నరికి, గుడ్డ చుట్టి, ముమ్మారు పేరు పిలిచి పాతిపెడతాం. ఒకసారి పాతిపెట్టాక ఆ మనిషి బతికి తిరిగొచ్చినా వాకిట్లోకి రానివ్వం. తిరిగొచ్చినవాడు పిలిస్తే పలకం. బోదె కూడా పెట్టకుండా ఉత్త గొయ్యి మీద సమాధి కడితే, ఆ వాకిట్లోంచి ఎవరినో ఒకరిని ఆ గొయ్యే తీసుకుంటుంది. అయ్యగారికి ఇవన్నీ పాత చీకటి నమ్మకాలు. నాకు మాత్రం మా నాన్న నేర్పిన పని.

వంటింటి వెనక అరటితోపు ఉంది. మధ్యాహ్నం కత్తి పట్టుకుని వెళ్ళాను. నయోమి గుమ్మంలో కూర్చుని ఆకు గిల్లుతోంది.

"గెల లేని చెట్టు నరుకుతున్నావేం? ఎవరికి?"

"అయ్యగారికి చెప్పకు. ఇమాలి తల్లికి. రోదా ముహొంజా అని, చచ్చిపోయి పదేళ్ళయిందట, ఇప్పుడు సమాధి కావలసొచ్చింది."

ఆవిడ చేతిలో ఆకు కిందపడింది. లేచి నా దగ్గరికొచ్చి కత్తి పట్టుకుంది. కత్తి పిడి కాదు, అంచు పట్టుకుంది. వేళ్ళలోంచి నెత్తురు కారుతోంది, ఆవిడకి తెలియడం లేదు.

"నరక్కు మేస్త్రీ" అంది. "నేనే ముహొంజాని."

అరటి మొదట్లో కూలబడి చెప్పింది. మొగుడు పోయాడు. మరిది తనని ఉంచుకుంటానన్నాడు, మా ఆచారమే అది. ఈవిడ ఒప్పుకోలేదు. భూమి లాక్కుని ఇద్దరు పిల్లలతో బయటికి గెంటారు. చిన్నవాడు దారిలో వీపు మీదే పోయాడు, ఆకలికి. ఇమాలిని తీసుకుని సారెపతు గేటు దగ్గరికొచ్చింది.

"గుమాస్తా ఏమన్నాడో తెలుసా? తల్లి బతికుంటే చేర్చుకోమమ్మా, ఇద్దరూ పోయినవాళ్ళకే చోటు చాలడం లేదు అన్నాడు. వెనక్కెళ్ళిపోయా. మా అమ్మ చేత పంపించా, నేను చచ్చిపోయినట్టు ఊరిపెద్ద చేత కాగితం రాయించి. ఆ కాగితానికి ఒక కోడిపెట్టనిచ్చాను మేస్త్రీ. నా చావుకి అదీ ధర."

"మరి ఇక్కడికెలా?"

"ఉండలేక. రెండు నెలలకి వేరే పేరు పెట్టుకుని వంటకి వచ్చా. గుమాస్తా అప్పటికి మట్టిలోకి పోయాడు కాబట్టి బతికిపోయా. నన్ను చూసి అది అమ్మా అంటుందేమోనని భయం. మొదటిరోజు కళ్ళదాకా గుడ్డ కట్టి, మొహానికి మసి పూసుకున్నా. అది చూసింది. అనలేదు. హమ్మయ్య అనుకున్నా. ఆ తర్వాత ఎందుకనలేదని ఏడ్చా. ఆ ఏడాదిలోనే పూర్తిగా మర్చిపోయింది."

నా తువ్వాలు చింపి ఆవిడ వేళ్ళకి కట్టాను. చివరికి అడగకూడనిదే అడిగాను. "కన్నకూతురికి సగం ముద్ద పెట్టేదానివి కదా వదినా?"

"పెద్దది పెడితే పిల్లలకి తెలిసిపోదూ? సరిసమానంగా పెడదామంటే నా చెయ్యి నా మాట వినదు. దాని పళ్ళెం దగ్గరికొచ్చేసరికి తెడ్డు నిండా వచ్చేస్తుంది. భయమేసి తీసేసేదాన్ని. తీస్తూ తీస్తూ అంత చిన్నదయ్యేది."

పిల్ల ఎనిమిదో క్లాసు పాసయిన రోజు చెబుదామనుకుందట. ఇప్పుడు హైస్కూలు వచ్చి పడింది. ఆ చదువు దొరసానమ్మ ఇస్తున్నది ఎవరూ లేని పిల్లకి. దొరసానమ్మ సమాధి దగ్గర మోకరించి వెళ్ళాక, ఆ తల్లే గరిటె పట్టుకుని ఎదురొస్తే పిల్ల అబద్ధాలకోరు అవుతుంది, ఆశ్రమం దొంగది అవుతుంది.

"బోదె పెట్టకుండా కట్టేస్తాలే వదినా" అన్నాను. "పెట్టకపోతే నువ్వు ఎప్పటికైనా దానికి అమ్మవి కావొచ్చు."

ఆవిడ కూడా మా మనిషే, ఆ గొయ్యి సంగతి నాకెంత తెలుసో ఆవిడకీ అంతే తెలుసు.

"అరవైమంది పిల్లలున్న వాకిలి. అది ఇమాలినే తీసుకుంటే?" అంది. తర్వాత తల గుడ్డ విప్పి నా ఒళ్ళో పడేసింది. "దీంతో చుట్టు. అది కాదు, అదిగో ఆ బోదె నరుకు. పొట్టిది, నాకు సరిపోతుంది."

నరికాను. చుట్టాను. గోతిలో పెట్టి ముమ్మారు పిలిచాను, రోదా ముహొంజా అని. వంటింట్లో ఆకు తరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడోసారికి కత్తి ఆగింది. పలకలేదు. నేను మట్టి పోసేశాను. బతికున్న మనిషిని పూడ్చిన చెయ్యి ఇది. తర్వాత ఆవిడ పోయింది జబ్బుతోనే అని నాకు తెలుసు, అయినా ఆ మట్టి మాట నేను మర్చిపోలేను.

దొరసానమ్మ వచ్చింది. మంచి మనిషి, పిల్లని దగ్గరికి తీసుకుని నిజంగానే ఏడ్చింది. ఎన్నడూ ఏడవని ఇమాలి ఆ సిమెంటు మీద పడి అమ్మా అమ్మా అని గుండెలు బాదుకుంది. నయోమి పళ్ళెంలో టీ కప్పులు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. దొరసానమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అంది.

"నువ్వు ఈ పిల్లలకి తల్లిలాంటిదానివని అంటున్నారు" అని అయ్యగారు చెప్పారు.

"వంటదాన్నండీ" అంది నయోమి. "టీ చల్లారిపోతోంది, తీసుకోమనండి."

ఇమాలి పాసై కకమేగా పట్నం దగ్గర హాస్టలు బడికి వెళ్ళింది. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని అందరికీ వీడ్కోలు చెప్పింది, వంటింటివైపు మాత్రం రాలేదు. నయోమి సంగటి కెలుకుతూనే ఉంది. ఆ రోజు సంగటి అడుగంటింది.

ఇమాలి హైస్కూలు రెండో ఏడులో నయోమి మంచం పట్టింది. అందరికీ వచ్చిందే ఆవిడకీ వచ్చింది. వంటింటి పక్క సామాన్ల గదిలో పడుకోబెట్టారు. చిక్కి చిన్నపిల్లంత అయింది. మా ఆవిడా నేనూ వంతులవారీగా జావ పట్టేవాళ్ళం. పోయే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను ఆ సిమెంటు కింద పెడదామని చూస్తావు నువ్వు. నాకు తెలుసు. పగలగొట్టకు. దాని చదువయ్యేదాకా నోరు మూసుకో. ఆఖరి పరీక్ష రాశాక చెప్పు. ముందే తాగి వాగావో, అరటిబోదెనై వచ్చి నీ నెత్తిన పడతా."

కంచె అవతల కిత్తనార పొదల పక్కన పాతిపెట్టాం. మా ఆడవాళ్ళకి మెట్టినింటి వాకిట్లో చోటుంటుంది, ఆవిడకి అది కూడా లేదు. చెక్క మీద నయోమి అని రాశాం. నాలుగు నెలల్లో చెక్కని చెదలు తినేశాయి.

ఆ డిసెంబరు సెలవులకి ఇమాలి వచ్చింది. పొడుగ్గా ఎదిగింది, తండ్రి పోలిక కాబోలు. పూలు పట్టుకుని తోటలోకి వెళ్ళి, వెంటనే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతా, అమ్మ సమాధి మధ్యలో కుంగిపోయింది. ఏంటిలా కట్టావు?"

లోపల బోదె కుళ్ళిపోయింది. కుంగకేం చేస్తుంది! ఇసుకా సిమెంటూ కలిపి బాగుచెయ్యడానికి వెళ్ళాను. తను పక్కన నిలబడి నీళ్ళు పోస్తోంది. కంచె అవతల మట్టిదిబ్బ కనబడింది.

"అదెవరిది?"

"వంట నయోమిది."

"పోయిందా! నాకెవరూ చెప్పలేదే." నీళ్ళ చెంబు కింద పెట్టి, "ఆమెకి ఎవరూ లేరా పాపం?" అంది.

"ఒక కూతురుంది."

"మరి మట్టెయ్యడానికి రాలేదా?"

"బడిలో ఉంది."

"ఎంత చదువైతే మాత్రం, తల్లి చస్తే రాదా? ఎలాంటి పిల్ల తాతా అది?"

తాపీ చేతిలో ఉంది, మాట నాలుక చివర ఉంది. మాటిచ్చాను కదా. తల వంచుకుని సిమెంటు మెత్తాను.

ఇంకా రెండేళ్ళు ఆగాను. రెండేళ్ళపాటు సెలవు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల అరటిబోదెకి పూలు పెట్టింది, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆఖరి పరీక్ష రాసి పెట్టె తీసుకుని వచ్చిన రోజు, ముందుగా అయ్యగారి దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. "దొరసానమ్మకి ఏమని రాయాలి?" అన్నారు. ఏమో నాకు తెలియదన్నాను. సుత్తి తీసుకుని ఇమాలిని తోటలోకి రమ్మన్నాను.

మొదటి దెబ్బకే అరిచింది. "పిచ్చెక్కిందా నీకు? అది మా అమ్మ!"

"చూడు" అన్నాను. ఇంకో నాలుగు దెబ్బలు వేసి పెచ్చులు తీసేశాను. మట్టిలో పీచు, నల్లబడిన చిరుగుగుడ్డ. ఎముక లేదు. మా పిల్ల కదా, చూడగానే అదేమిటో అర్థమైంది. "ఇది బోదె" అంది. "మరి అమ్మ ఎక్కడ?"

చెప్పాను. గేటు దగ్గర గుమాస్తా మొదలుకుని ఆఖరి జావ దాకా. ముద్ద సంగతి కూడా దాచలేదు. ఆ పిల్ల ఏడవలేదు. కంచె దాటి వెళ్ళి కిత్తనార పక్కన నిలబడింది. పేరున్న పలక మాత్రం నేను పగలనివ్వలేదు, ఇద్దరం మోసుకొచ్చి ఆ దిబ్బ తలాపున పెట్టాం. దాని మీద దొంగ సంవత్సరం ఉంది. అది చెక్కెయ్యమంది.

"నిజంగా ఎప్పుడు పోయింది?"

"నువ్వు రెండో ఏడు చదువుతున్నప్పుడు. జూన్ నెల, రెండో మంగళవారం."

వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"ఆ ముందు వారం నేను ఉత్తరం రాశాను తాతా. ఆశ్రమానికి."

"వచ్చింది. ప్రార్థనలో అయ్యగారు చదివారు."

"అందులో ఒక మాట రాశాను. నవ్వులాటకి రాశాను. వంటమ్మకి చెప్పండి, ఇక్కడ నాకు పెద్ద ముద్ద పెడుతున్నారని."

"అవును. పిల్లలంతా నవ్వారు."

"ఆమె దాకా వెళ్ళిందా ఆ మాట?"

ఆవిడ పడుకున్న గది కిటికీ ప్రార్థన గదివైపే ఉంది. అబద్ధం ఆడి ఉండొచ్చు నేను. కానీ ఆ సరికే ఆ పిల్ల చుట్టూ అందరం ఎన్నో అబద్ధాలు కట్టి ఉన్నాం.

"వింది" అన్నాను.

"ఏమంది?"

"నన్ను పిలిచి మళ్ళీ చెప్పించుకుంది. పెద్ద ముద్దేనా, సరిగ్గా విన్నావా అని రెండుసార్లు అడిగింది. నవ్వింది. ఆ తర్వాత జావ వద్దంది. కడుపు నిండిందట."

ఇమాలి మట్టిలో కూర్చుండిపోయింది. నేను ఉలి తీసుకుని ఆ సంవత్సరం చెక్కడం మొదలుపెట్టాను.